దిమ్మెల మీద ప్లిమత్

కొల్లాపూర్
11 జూన్ 2022, శనివారం

బామ్మర్ది బీరన్నకు,

పొద్దున మబ్బు పట్టింది, వాన రాలేదు. షెడ్డు వెనుక సర్కారు తుమ్మ కొట్టి జాగా చదును చేశాను. మధ్యాహ్నం ట్రాక్టరుకు గొలుసు కట్టి ప్లిమత్ కారును లాక్కొచ్చి అక్కడ నిలబెట్టాను.

నువ్వు చెప్పినట్టే వేలానికి పోయాను. కేసుల్లో పట్టుకున్న బండ్లన్నీ ఒకే రోజు పాడారు. మోటారు సైకిళ్లకు జనం ఎగబడ్డారు. ప్లిమత్ దగ్గరికి తుక్కు కొనేవాళ్లు ఇద్దరే వచ్చారు. ఒకడు నన్ను గుర్తుపట్టి, "మీ బామ్మర్ది మనిషిని నరికిన బండి గదనే ఇది. ఇంట్ల ఎట్ల పెట్టుకుంటవ్?" అని అడిగాడు. నా పాటే చివరిది.

1954 మోడల్ బండి. కర్నూలులో ఒక కాంట్రాక్టరు ఇంటి వెనుక పడి ఉండి, లోపల కోళ్లు గుడ్లు పెడుతుంటే, భిక్షపతి కొని తెచ్చాడు. పెండ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పాలని అతని ఆశ. దానికి డీజిల్ ఇంజిన్ ఎక్కించే పని నాకే ఇచ్చాడు. ఆ పని పూర్తయిన రోజే అతను నీ చేతిలో పోయాడు. ఆరేళ్ల తర్వాత బండి మళ్లీ నా షెడ్డుకే వచ్చింది. టైర్లు మట్టిలో కలిశాయి. సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. గొడ్డలి గాట్లు పదకొండు. ఒక్కొక్కటి ఎక్కడుందో రోజువారీ పుస్తకంలో రాసుకున్నాను.

అత్త బక్కమ్మ కండ్లకు పొర కమ్మింది, మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటున్నది. మీ అక్క సైదమ్మ బండి వచ్చినప్పటి నుంచి షెడ్డు వైపు రావడం లేదు. వచ్చే నెల ములాఖత్‌కు ఆమె వస్తుంది. బనియన్లు, సబ్బులు పంపిస్తాను.

ఇట్లు
మీ బావ ఐలేశం


సెంట్రల్ జైలు
3 జూలై 2022

బావకు దండాలు.

మునుపటి ఉత్తరాలు ఈడ ఉన్న పంతులు సారు రాసిచ్చెటోడు. ఇది నేనే రాస్తున్న. జైలు బడిల నేర్చుకున్న. తప్పులుంటె ఏమనుకోకు.

కోసినవా? దాన్ని కొనమన్నది ఇంట్ల పెట్టుకోనీకి కాదు. గ్యాస్ కట్టర్ పెట్టి తునకలు తునకలు చెయ్యి. ఇంజిన్‌ను సమ్మెట తోటి పలగ్గొట్టు. నా తమ్ముణ్ణి తొక్కిన బండి భూమ్మీద ఉండొద్దు.

ఎల్లేష్‌కు ఇరువై రెండేండ్లు. నేను ఉరికి వచ్చేటాళ్లకు వాని కాలు ఒక దిక్కు, నడుము ఒక దిక్కు తిరిగి ఉండె. సుట్టూ తొమ్మిది గొర్లు. ఒకటి పేగులు బయటవడి ఇంక తన్నుకుంటాంది. దాని గొంతు నేనే కోసిన. దాని బాధ సూడలేక.

ఒక్క ముచ్చట మటుకు నాకు తెగుతలేదు. మందను పరమేష్ చెల్కల ఆపి ఉంటిమి, ఎరువు కోసం. చెల్క రోడ్డుకు దూరమే. తెల్లారకముందే ఎల్లేష్ మందను రోడ్డు మీదికి ఎందుకు తోలుకొచ్చిండు? వాడు పనిదొంగ కాదు గని, గంత పొద్దున లేసెటోడు కూడ కాదు. మొదలు ఆడికి పోయింది నువ్వే. నీతోని ఏమన్న అన్నడా?

బండి కోసినంక రాయి.

బీరన్న


కొల్లాపూర్
21 ఆగస్టు 2022, ఆదివారం

బామ్మర్ది బీరన్నకు,

నాలుగు రోజుల ముసురు ఇవాళ తెరిపి ఇచ్చింది. బండి మీది టార్పాలిన్ తీసి ఆరవేశాను. షెడ్డు కప్పు రెండు చోట్ల కారుతుంటే తారు పూశాను.

బండి ఇంకా కోయలేదు. గ్యాస్ సిలిండరు అయిపోయింది. కోయాలన్నా ముందు విప్పాలి. బోనెట్, తలుపులు, బంపర్లు విప్పి వరుసగా గోడకు పెట్టాను. ఈ రేకు ఇప్పటి బండ్ల రేకు లాంటిది కాదు. చాలా మందం. కొత్త కారైతే నీ మొదటి దెబ్బకే గొడ్డలి అవతలికి దిగేది. ఇది వంగింది, చీలలేదు.

సొట్టలు తీసేవాడికి దెబ్బ ఎటునుంచి పడిందో రేకే చెబుతుంది. మొదటి మూడు నువ్వు ఎదురుగా నిలబడి బోనెట్ మీద వేసినవి. అప్పటికి భిక్షపతి లోపల కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు. నాలుగోది అద్దం పక్కన ఉన్న కమ్మి మీద పడింది. ఐదు నుంచి తొమ్మిది దాకా డ్రైవరు తలుపు మీద. అతను లోపలి నుంచి తలుపును గట్టిగా గుంజి పట్టుకున్నట్టున్నాడు, పిడి వంగి ఉంది. పదోది సీటు చట్రానికి తగిలింది. పదకొండోది తలుపు కింది గడప మీద. అంటే అప్పటికి అతను సగం బయటికి జారి ఉన్నాడు. మధ్యలో అతనికి తగిలినవి బండి మీద కనిపించవు.

గడప సందులో నల్లటి పొర ఉంటే తుప్పు అనుకుని గీకాను. నా చేతి చెమటకు అది ఎర్రబడింది.

ఎల్లేష్ మందను ఎందుకు తోలాడో నాకు తెలియదు. చప్పుడు విని నేను పోయేసరికి కొట్టిన బండి లేదు. ఎల్లేష్ ఏమీ అనలేదు.

ఇట్లు
ఐలేశం


సెంట్రల్ జైలు
9 అక్టోబర్ 2022

బావా,

అక్క వచ్చి పోయింది. నువ్వు బండిని కోస్తలేవట. గాట్లు సాపు చేసి పుట్టీ పెడుతున్నవట. సిలిండరు ముచ్చట ఉత్తదేనట.

నా బ్యారక్‌ల ఒక మాటలోడున్నడు. ఈ సంగతి తెలిసి, "మీ బావ పెండ్లి కారు తయారు చేస్తున్నడు, నువ్వు ఇడుదలైననాడు అండ్లనే ఊరేగిస్తడు తియ్యి" అని పదిమందిల నవ్విండు. పళ్లెం అంచు తోటి వాని మూతి మీద కొట్టిన. రెండు పండ్లు రాలినయ్. పెదవి సీలి గదవ మీద ఏలాడింది. నన్ను వారం దినాలు ఒంటరి అర్రల ఏసిండ్రు.

ఆ అర్రల ఎల్లేష్ యాదికొస్తడనుకున్న. రాలే. భిక్షపతి వచ్చిండు.

నీకు యాదున్నదా? ఎల్లేష్ శవాన్ని దవాఖానల ఏసి మనమిద్దరం బస్టాండు దిక్కు నడిస్తిమి. ఆ బండి ఆడ ఆగి ఉండె. ముందు బంపరుకు రక్తం. రక్తంల ఉన్ని. ఉన్నికి మన మంద నీలం గుర్తు. రోడ్డు మీద తొమ్మిది శవాలు దొరికినయ్ గని, మందకు ముందు నడిచే గంట పొట్టేలు దొరకకుండె. ఈ బండే దాన్ని ఈడ్సుకపోయిందని అప్పుడు సమజైంది. బండికి ఎడమ లైటు కూడ లేకుండె. భుజం మీది గొడ్డలి చేతికి తీసిన.

భిక్షపతి తల బయటవెట్టి, "నేను ఎవ్వల్ని గుద్దలే బీరన్నా. ఇది యాట రక్తం. ఐలేశాన్ని అడుగు" అన్నడు.

నేను నీ దిక్కు తిరిగిన. నువ్వు నీ చెప్పుల దిక్కు సూసుకుంటివి. గంతసేపు ఆగిన నేను. నువ్వు నోరు తెరవకపోతివి. అప్పుడు కొట్టిన.

కోర్టుల ఎవ్వలు అడగలే, నేను అడుగుతున్న. సచ్చేటోడు నీ పేరెందుకు తీసిండు?

బీరన్న


కొల్లాపూర్
20 నవంబర్ 2022, ఆదివారం

బామ్మర్ది బీరన్నకు,

చలి మొదలైంది. పొద్దున ప్లిమత్ పైకప్పు కోశాను. అదొక్కటే కోశాను.

అవును, సిలిండరు మాట అబద్ధం. బండిని బాగు చేస్తున్నాను. భిక్షపతి భార్య నిర్మలమ్మ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేసి బతుకుతున్నది. కిరాయికి తిప్పుకోమని దీన్ని ఆమెకు ఇవ్వాలని ఉంది.

పైకప్పు తీస్తే ఇంత పొడుగు బండి నడుములో కుంగుతుంది, తలుపులు పట్టవు. అందుకని ముందే కింద రెండు ఇనుప చానెళ్లు అతికాను. పెండ్లికొడుకు నిలబడి పట్టుకోవడానికి ముందు సీటు వెనుక అడ్డంగా ఒక పైపు పెట్టాను. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డును నేల మీదికి మార్చాను. ఇవన్నీ భిక్షపతి అడిగిన పనులే. ఒకనాడు నా షెడ్డు గోడ మీద సుద్దతో బొమ్మ గీసి, పైపు ఎంత ఎత్తుండాలో తన నడుముకు చెయ్యి పెట్టుకుని చూపించాడు. నేను అదే ఎత్తులో పెట్టాను.

మంగళవారం నిర్మలమ్మను పిలిచి చూపించాను. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. డ్రైవరు తలుపు మీద పుట్టీ ఇంకా ఆరని చోట వేలు పెట్టి, ఇది ఎన్నో దెబ్బ అని అడిగింది. ఏడోదని చెప్పాను.

"అన్నీ లెక్కవెట్టినవ్ గదన్నా," అన్నది. "ఒక్కటన్న ఆపినవా?"

వేలికి అంటిన పుట్టీ నా గోడకు తుడిచి వెళ్లిపోయింది.

మీ అక్క కూడా ఊరుకోవడం లేదు. "ఒక తమ్ముడు మట్టిల, ఒక తమ్ముడు జైల్ల. నువ్వు మటుకు బండికి రంగులేస్కుంట కూసో" అంటుంది. అన్నం పెట్టి పళ్లెం దూరం నుంచే తోస్తుంది.

భిక్షపతి మాట గురించి అడిగావు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ల పేరు చెబుతాడు. అంతే.

ఇట్లు
ఐలేశం


సెంట్రల్ జైలు
22 జనవరి 2023

బావా,

నాకు సదువు ఇప్పుడొచ్చింది గని గొర్ల సంగతి పుట్టినకాంచి ఎరుక.

మంద చీకట్ల ఊకెనే రోడ్డు దాటదు. గంట పొట్టేలు ఎటు పోతె అటు పోతది. అది కండ్లకు ఆనకుంటె దాని అరుపు దిక్కు పోతది. ఎల్లేష్ మందను తోలలే. మందనే లేసి పోయింది. వాడు మలుపుదామని ఎంబడి ఉరికిండు.

గొర్ల శవాలన్ని రోడ్డుకు పడమటి అంచున పడి ఉండె. తలలు పడమటికి ఉండె. కండ్లు మూసుకుంటె ఇప్పటికీ నాకు ఆనుతయ్. పడమటికి ఏమున్నది? సర్కారు తుమ్మలు. తుమ్మల ఎనుక నీ షెడ్డు.

పొట్టేలు ఆ రాత్రి యాడుండె? దాని మెడల ఇత్తడి గంట, మా బాపు కట్టింది. బండి పొట్టేలును ఈడ్సుకపోతె గంట యాడనో ఒకకాడ తెగి పడాలె. ఐదు దినాలు మా అమ్మ ఆ రోడ్డంత ఎతికింది. దొరకలే.

దీనికొక్కదానికి జవాబు రాయి. బండి ముచ్చట రాస్తె ఉత్తరం సింపేస్త.

బీరన్న


కొల్లాపూర్
5 ఫిబ్రవరి 2023, ఆదివారం

బీరన్నకు,

పొద్దున మంచు, తర్వాత ఎండ. ఇవాళ ఏ పనీ చేయలేదు.

ఆ రాత్రి పొట్టేలు నా షెడ్డులో ఉంది.

ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు వాళ్లు చదువుతారని తెలుసు. చదవనీ.

కొత్త ఇంజిన్ ఎక్కించిన బండి షెడ్డు దాటేముందు యాట కోయాలని భిక్షపతి అన్నాడు. మంచి పొట్టేలును తెమ్మని నాకే చెప్పాడు. ఆ ముందురోజు, సోమవారం పొద్దు గూకినాక పరమేష్ చెల్కకు పోయాను. ఎల్లేష్ అన్నం తినడానికి ఇంటికి పోయి ఉన్నాడు. కుక్కలు నన్ను ఎరుగును, మొరగలేదు. బామ్మర్ది మందే కదా, రేపు చెప్పవచ్చు అనుకున్నాను. మిగతావి బెదిరి పక్కకు పోయాయి. మనిషికి మరిగినది గంట పొట్టేలు ఒక్కటే, అది నా చేతికి వచ్చింది. చప్పుడు కాకుండా గంటలో గడ్డి కుక్కాను.

రాత్రంతా అది అరుస్తూనే ఉంది. లేచి మూతి కడదామనుకున్నాను. చలికి మళ్లీ ముసుగు పెట్టుకున్నాను.

ఐదింటికి బ్రేకు చప్పుడు విన్నాను. టార్చి పట్టుకుని ఉరికాను. కంకర లారీ ఒకటి మలుపు తిరిగిపోతూ కనిపించింది. నంబరు చూడలేదు. ఎల్లేష్ అప్పటికి బతికే ఉన్నాడు. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తున్నది. నన్ను చూసి, "బావా, పొట్టేలు గాడ అరుస్తాంది" అన్నాడు. తర్వాత ఊపిరి లేదు.

అటుగా వచ్చినవాళ్లను నీ దగ్గరికి పంపాను. కప్పడానికి దుప్పటి తెస్తానని చెప్పి షెడ్డుకు వచ్చాను. నీలం గుర్తున్న పొట్టేలు నా దగ్గర ఎవరికీ కనిపించకూడదు. అప్పుడు అదొక్కటే నా తలలో ఉంది.

భిక్షపతి అప్పుడే ఊరి వైపు నుంచి వచ్చాడు. అతనికి ఏమీ తెలియదు. ప్లిమత్ దిమ్మెల మీద ఉంది. నాలుగు చక్రాలూ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. వారం రోజులుగా ఆ బండి నేలకు తగలలేదు. అది ఎవరినీ తొక్కలేదు.

గబగబా చక్రాలు ఎక్కించాము. ఊడదీసిన ఎడమ లైటు బిగించే తీరిక లేకపోయింది. బండి ముందు పొట్టేలును కోశాము. తొందరలో గొంతు సగమే తెగింది. అది తాడు తెంపుకుని బంపరు మీద పడి కొట్టుకుంది. ఉన్ని అంటింది అప్పుడే. భిక్షపతి బండిని ఊరి వైపు తోలుకుపోయాడు. హారన్ కొట్టుకుంటూ పోయాడు. నేను పొట్టేలును గుంత తీసి పూడ్చి, చేతులు కడుక్కుని, దుప్పటి తీసుకుని నీ తమ్ముడి దగ్గరికి వచ్చాను.

రోజువారీ పుస్తకంలో ఆనాడు ఇంతే ఉంది: "9 ఫిబ్రవరి 2016, మంగళవారం. మంచు. ఉదయం ఆరింటికి ప్లిమత్‌కు నాలుగు చక్రాలు బిగించాను." ఆ ఒక్క ముక్క కోర్టుకు చూపిస్తే భిక్షపతి మీద మచ్చ పోయేది. వకీలు అడిగినదానికే జవాబు చెప్పాను. పుస్తకం సంగతి అతను అడగలేదు.

బస్టాండు దగ్గర నువ్వు నా దిక్కు తిరిగినప్పుడు నాకు మాట రాక కాదు. వచ్చింది. చెబితే ఆ గొడ్డలి ముందు నా మీద పడుతుందనుకున్నాను. బోనెట్ మీద మొదటి దెబ్బ పడ్డాక చెబుదామనుకున్నాను. మూడో దెబ్బ దాకా వ్యవధి ఉంది. ఆ తర్వాత లేదు. అటు తర్వాత, చెబితే నువ్వు జైలులో ఉరేసుకుంటావని నాకు నేను చెప్పుకున్నాను. ఏడేళ్లు అదే చెప్పుకున్నాను.

గంట నా పనిముట్ల పెట్టెలో ఉంది.

ఐలేశం


సెంట్రల్ జైలు
2 మార్చి 2023

ఐలేశం,

అమ్మ కండ్ల ఆపరేషన్‌కు పెరోల్ ఇచ్చిండ్రు. పద్నాలుగు తారీకు మంగళారం వస్త.

అటక మీద మా బాపు గొడ్డలి ఉంటది. సాన పట్టి పెట్టు. దేనికని అడగకు. బండిని బయట నిలబెట్టు.

యాడికి పోకు.

బీరన్న


కొల్లాపూర్
14 మార్చి 2023, మంగళవారం

బీరన్నకు,

గాలి లేదు, ఉక్కగా ఉంది. షెడ్డు ముందు ఊడ్చి నీళ్లు చల్లాను. ప్లిమత్‌ను బయటికి తీశాను. ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నువ్వు వస్తే చేతికి ఇస్తాను. ఇవ్వలేకపోతే బల్ల మీద ఉంటుంది.

నీకు పంపిన ఉత్తరాన్ని పంపేముందు మీ అక్కకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. లేచి గోడ మీది ఎల్లేష్ ఫోటో తీసి కొంగులో చుట్టుకుంది. "వాడు నిన్ను బావా అని పిలిచి సచ్చిండు," అన్నది. అత్త దగ్గరికి పోయి మళ్లీ రాలేదు.

తర్వాత రోజువారీ పుస్తకం తీసుకుని బస్టాండుకు పోయాను. నిర్మలమ్మకు ఆ రోజు రాసింది చదివి, మిగతాది నోటితో చెప్పాను. ఆమె చేతిలోని గంటెతో మరిగే నూనె ముంచి నా మీద పోసింది. మొహానికి అడ్డం పెట్టుకున్న ఎడమ చేయి మోచేతి దాకా తోలు ఊడింది. దవాఖానలో అడిగితే కడాయి ఒలికిందని చెప్పాను. నువ్వు వస్తున్నావని తెలిసి ఆమె షెడ్డుకు వచ్చి, "బీరన్న వచ్చిననాడు వాని ముందల ఇదే సదువు. నేను కూసోని వింట" అన్నది.

ఇవాళ ఏడింటికే వచ్చింది. ప్లిమత్ వెనుక సీటులో కూర్చుని ఎండకు తల మీద కొంగు కప్పుకుంది. మంచినీళ్లు ఇస్తే ముట్టలేదు. గొడ్డలి ఏదని మాత్రం అడిగింది.

గొడ్డలి బోనెట్ మీద ఉంది. నిన్న సాన పట్టాను. కర్ర వదులుగా ఉంటే చీల కొట్టాను. దాన్ని బండి మీదికి ఎత్తుతావో నా మీదికి ఎత్తుతావో అని రాత్రి అనుకున్నాను. తెల్లవారాక ఆ ఆలోచన మానేశాను. పదకొండు గాట్లూ పూడాయి. ఏడోదాని మీద రంగు సరిగా పట్టలేదు. రెండుసార్లు వేశాను, పట్టలేదు.

గంటలో కుక్కిన గడ్డి ఏడేళ్లకు మట్టిలా గట్టిపడింది. మేకుతో గీకి తీశాను. గంటను గేటుకు కట్టాను.

ఇవాళ్టి పనులు: బ్యాటరీలో నీళ్లు పోశాను. వెనుక ఎడమ టైరుకు గాలి పట్టాను. పరమేష్ మోటారుకు బెల్టు కావాలని వచ్చాడు, రేపు రమ్మన్నాను. డ్రైవరు తలుపుకు కొత్త పిడి తెచ్చాను, దానికి నాలుగు మరలు

గంట మోగింది.

మీ అక్క గేటు బయటే ఆగింది. నువ్వు లోపలికి వచ్చి బోనెట్ దగ్గర నిలబడ్డావు. నిర్మలమ్మ సీటులోంచి లేచి నిలబడి అడ్డం పైపును రెండు చేతులతో పట్టుకుంది. నువ్వు గొడ్డలి తీసుకుని నా దిక్కు తిరిగావు. ఈసారి నేను నా చెప్పుల దిక్కు చూడడం లేదు. పుస్తకం తీసుకుని వస్తున్నాను. ఆ పిడికి మూడు మరలు బిగించాను, నాలుగోది